గోడ కూలేసరికి: ‘హ్యాడ్’ ఎప్పుడు వాడాలి?

(స్వర్ణోత్సవ సభలో మధ్యాహ్నం చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు ఫోన్ చేసి, "సార్, భోజనాల తర్వాత మీకు ఇరవై నిమిషాలు. పిల్లలకు పనికొచ్చేది ఏదన్నా చెప్పండి" అన్నారు. ఆ సంగతి తెలిసి నా బెంచీ మిత్రుడొకడు, "క్లాసు మాత్రం తీసుకోకురా, తిన్నంక నిద్రొస్తది" అన్నాడు. జీవితమంతా ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ణి, క్లాసు తప్ప ఇంకేం తీసుకుంటాను? కాబట్టి మిత్రుడు క్షమించాలి. ఇవాళ ఒకే ఒక్క పాఠం. పాస్ట్ పర్ఫెక్ట్ టెన్స్. అంటే హ్యాడ్ వచ్చే భూతకాలం. దాని వెనక నేను చేసిన ఒక తప్పు ఉంది. అది కూడా ఇవాళే చెబుతాను. ఇంత మంది ముందు ఎప్పుడూ చెప్పలేదు.

ముందు మన సంగతి చూద్దాం. ఈ సభ కోసం పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో నెల రోజులుగా సందేశాలు చదువుతున్నాను. ‘ఐ హ్యాడ్ రీచ్‌డ్ మెదక్ యెస్టర్డే’ అని ఒకరు రాశారు. ‘ఐ హ్యాడ్ సెంట్ ద మనీ ఆన్ మండే’ అని ఇంకొకరు. ‘వి హ్యాడ్ స్టడీడ్ ఇన్ దిస్ స్కూల్’ అని అమెరికా నుంచి ఒక తమ్ముడు. పేర్లు చెప్పను, భయపడకండి. ఈ మూడింటిలోనూ హ్యాడ్ అక్కర్లేదు. నిన్న చేరుకున్నారు, అయిపోయింది. ‘ఐ రీచ్‌డ్ మెదక్ యెస్టర్డే’ అంటే చాలు. డబ్బు సోమవారం పంపారు. ‘ఐ సెంట్’ చాలు. ఈ బడిలో చదివారు. ‘వి స్టడీడ్’ చాలు.

అదే గ్రూపులో నిన్న రాత్రి ఇంకో సందేశం. ‘వెన్ ఐ కేమ్ టు ద హాల్, ఆల్ ఆఫ్ యు లెఫ్ట్.’ పాపం, ఆయన చెప్పదలచుకున్నది ఏమిటంటే, నేను వచ్చేసరికి మీరంతా వెళ్ళిపోయారు అని. కానీ ఆ ఇంగ్లీషుకు అర్థం వేరు. ఆయన లోపలికి అడుగుపెట్టాడు, ఆయన్ని చూడగానే అందరం లేచి వెళ్ళిపోయాం అని! ఇక్కడ కావాలి హ్యాడ్. ‘వెన్ ఐ కేమ్, ఆల్ ఆఫ్ యు హ్యాడ్ లెఫ్ట్.’

అంటే అక్కర్లేని చోట పెడుతున్నాం, కావలసిన చోట వదిలేస్తున్నాం. ఎందుకిలా?

దీనికి కారణం తెలివి తక్కువ కావడం కాదు. మన నోట్లో ఉన్న రెండు భాషలు. మనది నిజాం ఏలిన నేల. 1948 దాకా ఇక్కడ కచేరీ భాష ఉర్దూ, పై చదువుల భాష ఉర్దూ. 1918లో పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీలోనే పాఠాలు ఉర్దూలో చెప్పారు. మా తాతల తరం చదువంతా అందులోనే సాగింది. ఉర్దూలో ‘మై కల్ ఆయా థా’ అనడం చాలా సహజం. ఆ ‘థా’ ను మాటకు మాట ఇంగ్లీషులో పెడితే ‘ఐ హ్యాడ్ కమ్ యెస్టర్డే’ అవుతుంది. ఉర్దూ రానివాళ్ళం తప్పించుకున్నామా అంటే అదీ లేదు. మన ఇంటి తెలుగులోనే ఆ అలవాటు ఉంది. ‘మొన్న మీ తమ్ముడు వచ్చిండె’ అంటాం. ‘మీ ఇంటికి వచ్చుంటి, నువ్వు లేకుంటివి’ అంటాం. వచ్చిండె అంటే వచ్చి ఉండె. వచ్చాడు, వెళ్ళాడు, ఇప్పుడు లేడు, ఆ పని ముగిసింది అని అర్థం. మన తెలుగులో అది తప్పు కాదు, చక్కటి మాట. కానీ వచ్చిండె అన్న ప్రతిసారీ ఇంగ్లీషులో హ్యాడ్ కమ్ అంటే కుదరదు. వచ్చి వెళ్ళాడు, పని ముగిసింది అని చెప్పడానికి ఇంగ్లీషుకు సాదా భూతకాలమే చాలు.

ఈ సంగతి నాకు కాలేజీలో చేరిన మొదటి వారమే తెలిసింది. తెలిసింది అనడం కంటే తగిలింది అనాలి. క్లాసులో లేచి ‘సార్, ఐ హ్యాడ్ కమ్ ఫ్రమ్ మెదక్’ అన్నాను. లెక్చరర్ గారు చిరునవ్వు నవ్వి, ‘అండ్ దెన్?’ అన్నారు. ఆ తర్వాత ఏమైంది అని అడుగుతున్నారు. నాకు అర్థం కాలేదు. క్లాసు మొత్తం నవ్వింది. ఆ రోజు నుంచి హ్యాడ్ అంటే నాకు భయం పట్టుకుంది. నేను రాసిన ప్రతి వాక్యంలోంచి దాన్ని ఏరి పారేశాను, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు. అలా ఏరడమే మంచి ఇంగ్లీషు అనుకున్నాను. రాళ్ళతో పాటు గింజలు కూడా పోతున్నాయని తెలియలేదు.

ఇప్పుడు గోడ సంగతి.

1980ల మొదట్లో మన జిల్లాలోనే ఒక పల్లెటూరి బడిలో నాకు ఉద్యోగం వచ్చింది. ఊరి పేరు వద్దు. రెండు మట్టిగోడల గదులు, పైన పెంకులు, ముందర వేపచెట్టు. నాతో పాటు పనిచేసే పెద్దసారు ఒకరు ఉండేవారు. రిటైర్మెంటుకు ఇంక ఏడాదిన్నర ఉంది. చదువంతా ఉర్దూలోనే. తెలుగు ముత్యాల్లాంటి దస్తూరీ. ఇంగ్లీషు మాత్రం సంతకం వరకే. నన్ను ‘బేటా’ అని పిలిచేవారు.

ఆ ఏడు వాన నాలుగు రోజులు విడవకుండా కురిసింది. ఐదో రోజు బడి తెరిచాం. పెద్దసారు మూడో తరగతికి ఎక్కాలు చెప్పిస్తున్నారు. గోడ మూల నుంచి మట్టి పొడిపొడిగా రాలడం చూశారు. ఒక్క మాట ఎక్కువ మాట్లాడకుండా, పలకలు కూడా తీసుకోనివ్వకుండా, పిల్లలందరినీ వేపచెట్టు కిందికి పంపేశారు. లెక్కపెట్టుకున్నారు. ఇరవై ఆరు మంది. పది నిమిషాలు గడిచాయో లేదో గోడ లోపలికి పడింది. పెంకులు దాని మీద పడ్డాయి. ఇరవై ఆరు పలకలు నలిగిపోయాయి. ఒక్క పిల్లవాడికి కూడా గీత పడలేదు.

ఊళ్ళో ఆయనకు దండం పెట్టారు. పై ఆఫీసు నుంచి మాత్రం మెమో వచ్చింది. ఇంగ్లీషులో. గోడ కూలిన సమయంలో పిల్లలు ఎక్కడున్నారు, మీరేం చేశారు, వారం రోజుల్లో సంజాయిషీ ఇవ్వండి అని. పెద్దసారు మెమో నా చేతిలో పెట్టి, "బేటా, నువ్వు ఇంగ్లీష్ చదువుకున్నోనివి. నేను చెప్త, నువ్వు రాయి" అన్నారు.

ఆయన చెప్పిన వాక్యం నాకు ఇప్పటికీ గుర్తుంది. "గోడ కూలేసరికి నేను పిల్లలను బయటికి పంపేసిన."

నేను రాసిన వాక్యం కూడా గుర్తుంది. ‘వెన్ ద వాల్ కొలాప్స్‌డ్, ఐ సెంట్ ద చిల్డ్రన్ అవుట్.’

వెనక కూర్చున్న పిల్లలూ, మీలో ఎవరికైనా తప్పు కనిపించిందా? అదిగో, ఒక పాప చెయ్యెత్తింది. కనిపించిందన్నమాట. నాకు ఆనాడు కనిపించలేదు. హ్యాడ్ లేకుండా శుభ్రంగా ఉందని మురిసిపోయాను. ఆయన సంతకం చేశారు. చదవడం రాదు కాబట్టి నన్ను నమ్మి చేశారు.

రెండు నెలలకు ఆర్డర్ వచ్చింది. ఉపాధ్యాయుడు స్వయంగా ఇచ్చిన సంజాయిషీ ప్రకారమే, గోడ కూలిన తర్వాత మాత్రమే పిల్లల్ని బయటికి పంపాడు, అంటే కూలే సమయానికి పిల్లలు గదిలోనే ఉన్నారు, ప్రమాదాన్ని ముందుగా పసిగట్టలేదు, ఇది నిర్లక్ష్యం అని. ఒక ఇంక్రిమెంటు ఆపారు. రిటైర్మెంటు ముందు ఇంక్రిమెంటు ఆగితే ఏమవుతుందో ఇక్కడున్న ఉద్యోగులకు చెప్పనక్కర్లేదు. పెన్షన్ దాకా దాని దెబ్బ పోతుంది.

పెద్దసారు ఆ కాగితం కూడా నా దగ్గరికే తెచ్చారు. నేను తెలుగులో అర్థం చెబుతుంటే విన్నారు. చివరికి ఒక్కటే అడిగారు. "నేను గట్ల చెప్పిన్నా, బేటా?"

ఆ రాత్రి లాంతరు ముందు పెట్టుకుని ఆ ఒక్క వాక్యాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆయన చెప్పిన తెలుగులో రెండు చోట్ల కాపలా ఉంది. ఒకటి ‘కూలేసరికి’. రెండోది ‘పంపేసిన’. పంపిన కాదు, పంపేసిన. పని పూర్తయిపోయింది అని ఆ మాటలోనే ఉంది. నేను ‘కూలేసరికి’ ని ‘వెన్’ చేశాను, ‘పంపేసిన’ ను ‘సెంట్’ చేశాను. రెండు కాపలాలూ తీసేశాను. ఇరవై ఆరు మంది పిల్లల్ని మళ్ళీ తీసుకెళ్ళి ఆ గోడ కింద కూర్చోబెట్టాను.

పైగా ఈ ‘సరికి’ అనే మాట తెలుగులో కూడా రెండు వైపులా తిరుగుతుంది. ‘గోడ కూలేసరికి అందరం పరుగెత్తాం’ అంటే కూలిన తర్వాత పరుగెత్తాం. ‘గోడ కూలేసరికి అందరం బయట ఉన్నాం’ అంటే కూలక ముందే బయట ఉన్నాం. తెలుగువాడికి పక్కనున్న క్రియను బట్టి తెలిసిపోతుంది. ఇంగ్లీషు ‘వెన్’ కూడా అంతే, రెండు వైపులా తిరుగుతుంది. దాన్ని ఒకవైపు నిలబెట్టేది హ్యాడ్ ఒక్కటే.

అప్పీలు రాశాం. ఈసారి నేను వాక్యం రాసి, దాన్ని తెలుగులోకి మార్చి ఆయనకు వినిపించి, ఆయన ఒప్పుకున్నాకే సంతకం పెట్టించాను. ‘బై ద టైమ్ ద వాల్ కొలాప్స్‌డ్, ఐ హ్యాడ్ ఆల్రెడీ సెంట్ ద చిల్డ్రన్ అవుట్.’ మొదటి సంజాయిషీ రాసింది నేనే, తప్పు భాషది, నాది, ఆయనది కాదు అని విడిగా ఒక కాగితం నేనూ రాసిచ్చాను. ఊరి పెద్దలు, పిల్లల తల్లిదండ్రులు వేలిముద్రలు వేశారు. ఏడాది పైన పట్టింది. శిక్ష రద్దయింది. కానీ ఆ కాగితం వచ్చేసరికి పెద్దసారు రిటైరై వెళ్ళిపోయారు. చూశారా, ఇక్కడ కూడా అదే వాక్యం. ‘వెన్ ద ఆర్డర్ కేమ్, హి హ్యాడ్ రిటైర్డ్.’

ఆర్డర్ పట్టుకుని వాళ్ళ ఊరికి వెళ్ళాను. వాకిట్లో మంచం మీద కూర్చుని చదవమన్నారు. చదివాను. "ఆ మాట ఏడుంది, చూపియ్" అన్నారు. హ్యాడ్ మీద వేలు పెట్టి చూపించాను. కళ్ళద్దాలు సర్దుకుని దగ్గరగా చూశారు. మూడే అక్షరాలు. "గింతంత మాటనా!" అన్నారు. తర్వాత నవ్వి, "ఉర్దూల అయితే నేనే రాస్తుంటి బేటా. దీవార్ గిరీ తో బచ్చే బాహర్ జా చుకే థే" అన్నారు. జా చుకే థే. వెళ్ళిపోయి ఉన్నారు. ఇంగ్లీషులో నేను పోగొట్టింది ఆయన ఉర్దూలో ఎంత చక్కగా ఉందో! ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడం వల్లే ఆ పాఠం నాకు ఇన్నేళ్ళు గుర్తుంది.

ఇంక పాఠంలోకి వద్దాం. ఇక్కడ నల్లబల్ల పెట్టించారు, సంతోషం. ఒక గీత గీస్తున్నాను. దాని మీద మూడు చుక్కలు. కుడి చివర చుక్క ఇప్పుడు, నేను మాట్లాడుతున్న సమయం. మధ్య చుక్క గోడ కూలిన సమయం. ఎడమ చుక్క పిల్లల్ని పంపిన సమయం. హాన్స్ రైకెన్‌బాక్ అనే తత్వవేత్త 1947లో అచ్చయిన ‘ఎలిమెంట్స్ ఆఫ్ సింబాలిక్ లాజిక్’ అనే పుస్తకంలో ఇంగ్లీషు కాలాలన్నిటినీ ఇలా మూడు సమయాలతోనే వివరించాడు. మాట్లాడే సమయం, పని జరిగిన సమయం, మనం ఎక్కడ నిలబడి చూస్తున్నామో ఆ సమయం. సాదా భూతకాలంలో పని జరిగిన చోటే మనమూ నిలబడతాం. పాస్ట్ పర్ఫెక్టులో గతంలోని ఒక చోట నిలబడి, అక్కణ్ణుంచి ఇంకా వెనక్కి తిరిగి చూస్తాం. అంతే దీని రహస్యం. హ్యాడ్ అంటే చాలా పాత సంగతి అని కాదు. నిన్నటిదైనా, వెయ్యేళ్ళ కిందటిదైనా ఒకటే. గతంలో నిలబడి వెనక్కి తిరిగి చూడటమే హ్యాడ్.

మన ఊరి సంగతితోనే చూద్దాం. 1977లో ఇందిరాగాంధీ రాయ్‌బరేలీలో ఓడిపోయారు. 1980లో మెదక్‌లో గెలిచారు. ఈ రెండింటినీ జరిగిన వరుసలో చెబితే హ్యాడ్ అవసరం లేదు. ‘షి లాస్ట్ ఇన్ రాయ్‌బరేలీ ఇన్ 1977. షి వన్ ఇన్ మెదక్ ఇన్ 1980.’ కాలంతో పాటు ముందుకు నడుస్తున్నాం, వెనక్కి తిరగలేదు. అదే కథను మెదక్ నుంచి మొదలుపెట్టండి. ‘షి వన్ ఇన్ మెదక్ ఇన్ 1980. త్రీ ఇయర్స్ అర్లియర్ షి హ్యాడ్ లాస్ట్ ఇన్ రాయ్‌బరేలీ.’ మెదక్‌లో నిలబడి వెనక్కి తిరిగాం, హ్యాడ్ వచ్చింది. జరిగినవి అవే. నిలబడిన చోటు మారింది.

ఇంకొకటి. మన చర్చి 1924 డిసెంబర్ 25న ప్రారంభమైంది. పని మొదలైంది 1914లో. ప్రారంభోత్సవం రోజున నిలబడి చెబితే, ‘వెన్ ద చర్చ్ ఓపెన్‌డ్, ద వర్క్ హ్యాడ్ టేకెన్ టెన్ ఇయర్స్.’ అప్పటికే పదేళ్ళు పట్టింది అని.

ఇప్పుడు నేనన్న మాట పట్టుకున్నారా? అప్పటికే. ఇదే మీకు ఇచ్చే కొలబద్ద. హ్యాడ్ రాసే ముందు తెలుగులో ‘అప్పటికే’ అని పెట్టి చూడండి. అతికితే హ్యాడ్ పెట్టండి. అతకకపోతే వదిలేయండి. ‘అప్పటికే నేను నిన్న మెదక్ చేరుకున్నాను’ అంటే మీ అమ్మ ఏమంటుంది? "ఎప్పటికిరా?" అంటుంది. ఆ ‘ఎప్పటికి’ అన్న ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉంటేనే హ్యాడ్ వాడే హక్కు ఉంటుంది. ఆనాడు మా లెక్చరర్ గారు నన్ను ‘అండ్ దెన్?’ అన్నది ఇందుకే. హ్యాడ్ వినగానే ఆయన రెండో సంగతి కోసం ఎదురుచూశారు. నా దగ్గర రెండో సంగతి లేదు.

మా చిన్నప్పుడు వ్యాకరణం పుస్తకాల్లో దీనికి ఎప్పుడూ రెండే ఉదాహరణలు. డాక్టరు వచ్చేసరికి రోగి పోవడం, స్టేషను చేరేసరికి రైలు పోవడం. రైలు లేని ఊళ్ళో కూర్చుని మేం రైలు తప్పిపోవడం బట్టీ పట్టేవాళ్ళం! రైలెక్కాలంటే అక్కన్నపేట పోవాలి. మెదక్‌కు రైలు వచ్చింది 2022 సెప్టెంబరులో. మా బ్యాచ్ సంగతి చెప్పాలంటే, ‘బై ద టైమ్ ద ట్రైన్ కేమ్ టు మెదక్, వి హ్యాడ్ గ్రోన్ ఓల్డ్.’ నవ్వకండి, ఇది వ్యాకరణం ప్రకారం నూటికి నూరు పాళ్ళు కరెక్టు.

ఇంక హ్యాడ్ అక్కర్లేని చోట్లు. ఒకటి, పనులు జరిగిన వరుసలోనే చెప్పేటప్పుడు. తెలుగులో ‘లేచి, స్నానం చేసి, తిని, బడికి వచ్చాను’ అంటాం. లేచి, చేసి, తిని, వీటిని క్త్వార్థకాలు అంటారని తెలుగు సారు చెప్పే ఉంటారు. ఒకే మనిషి వరుసగా చేసిన పనులను ముడివేసే దారం అది. దానికి ఇంగ్లీషులో హ్యాడ్ పెట్టకండి. ‘ఐ గాట్ అప్, బేద్‌డ్, ఏట్ అండ్ కేమ్ టు స్కూల్.’ రెండు, ‘ఆఫ్టర్’, ‘బిఫోర్’ అనే మాటలు వాక్యంలో ఉన్నప్పుడు. ముందు వెనకలు ఆ మాటలే చెప్పేస్తాయి. ‘ఐ లెఫ్ట్ ఆఫ్టర్ హి కేమ్’ అన్నా చాలు, ‘ఆఫ్టర్ హి హ్యాడ్ కమ్’ అన్నా తప్పు కాదు. మూడు, ‘యెస్టర్డే’ అనో, ఒక తేదీ అనో చెప్పి ఊరుకునేటప్పుడు.

తప్పనిసరిగా కావలసిన చోట్లు. ఒకటి, ఇందాకటి గోడ. ‘వెన్’ పక్కన ఏది ముందో తేల్చవలసి వచ్చినప్పుడు. రెండు, ఒకరు చెప్పిన మాటను మనం చెప్పేటప్పుడు. ‘నేను ఫీజు కట్టాను’ అన్నాడు ఒకడు. ‘హి సెడ్ హి హ్యాడ్ పెయిడ్ ద ఫీ.’ చెప్పే సమయానికి ముందే కట్టాడు. మూడు, జరగనిదాన్ని ఊహించేటప్పుడు. ‘నాకు తెలిసి ఉంటే వచ్చేవాణ్ణి.’ ‘ఇఫ్ ఐ హ్యాడ్ నోన్, ఐ వుడ్ హావ్ కమ్.’ చూడండి, ఇక్కడ తెలుగులో కూడా ‘తెలిసి ఉంటే’ అని ఉండు ధాతువు వచ్చింది. నాలుగు, అనుకున్నది కానప్పుడు. ‘ఐ హ్యాడ్ హోప్‌డ్ టు సీ యు.’ చూడాలని ఆశపడ్డాను, కుదరలేదు.

పిల్లలు ఎప్పుడూ అడిగేది ఒకటుంది. ‘సార్, హ్యాడ్ హ్యాడ్ అని రెండు సార్లు రావచ్చా?’ వస్తుంది. ‘వెన్ దే కాల్డ్ మి, ఐ హ్యాడ్ హ్యాడ్ మై లంచ్.’ మొదటి హ్యాడ్ అప్పటికే, రెండో హ్యాడ్ తిన్నాను. ఇవాళ భోజనాల్లో మా వాడు రెండోసారి పిలిచినప్పుడు నేనదే అన్నాను. వాడు వినలేదు, మళ్ళీ వడ్డించాడు.

ఇదంతా పరీక్షలో రెండు మార్కుల కోసం చెప్పడం లేదు. పిల్లలూ, రేపు మీరు ఎక్కడో ఒకచోట ఇంగ్లీషులో వాంగ్మూలం రాస్తారు. బండికి దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్ కాగితం రాస్తారు. ‘వెన్ హి హిట్ మి, ఐ స్టాప్‌డ్’ అంటే గుద్దాక ఆగాను. ‘ఐ హ్యాడ్ స్టాప్‌డ్’ అంటే అప్పటికే ఆగి ఉన్నాను, వచ్చి గుద్దాడు. నష్టపరిహారం ఆ ఒక్క మాట మీద నిలబడుతుంది. నర్సు ఉద్యోగం చేసే చెల్లెళ్ళు కేస్ షీటు రాస్తారు. ‘వెన్ ద డాక్టర్ కేమ్, ఐ గేవ్ ద ఇంజెక్షన్.’ డాక్టరు రాకముందు ఇచ్చారా, వచ్చాక ఇచ్చారా? పోలీసు ఉద్యోగంలో ఉన్న తమ్ముళ్ళు పంచనామా రాస్తారు. తప్పు చేసినవాణ్ణి తప్పించేది, చెయ్యనివాణ్ణి ఇరికించేది ఒక్కోసారి ఇలాంటి చిన్న మాటే.

ఇంకో మనవి. పక్కవాడు ‘ఐ హ్యాడ్ కమ్ యెస్టర్డే’ అంటే నవ్వకండి. వాడి నోట్లో వాళ్ళ తాత ఉర్దూ ఉంది, వాళ్ళమ్మ తెలుగు ఉంది. నవ్వితే వాడు నాలాగే హ్యాడ్ అంటే భయపడి, కావలసిన చోట కూడా వదిలేస్తాడు. ఆనాడు క్లాసు నవ్వకుండా, ‘అప్పటికే అని పెట్టి చూడు’ అని ఎవరైనా చెప్పి ఉంటే, పెద్దసారు ఇంక్రిమెంటు ఆగేది కాదు. ఇది కూడా జరగనిదాన్ని ఊహించే వాక్యమే. హ్యాడ్ లేకుండా కుదరదు.

ఈ సంచిక కోసం మన సంఘం వాళ్ళు తయారు చేసిన బ్యాచ్‌ల జాబితా పొద్దున చూశాను. కొన్ని పేర్ల పక్కన చిన్న నక్షత్రం గుర్తు ఉంది. మా బ్యాచ్‌లోనే ఏడు. మనం అందరం కలవాలని కూడబలుక్కుని, హాలు మాట్లాడుకుని, ఇక్కడికి చేరేసరికి వాళ్ళు వెళ్ళిపోయారు. దే హ్యాడ్ గాన్. ఈ వాక్యంలో ఎవరి తప్పూ లేదు, దిద్దడానికీ ఏమీ లేదు. అందుకే, కలవాలనుకున్నవాళ్ళను త్వరగా కలవండి. చెప్పాలనుకున్నది త్వరగా చెప్పండి. మీ గురువులను చూడాలనిపిస్తే వచ్చే ఆదివారమే వెళ్ళండి. హ్యాడ్ లేకుండా, సాదా భూతకాలంలో ‘వెళ్ళాను, కలిశాను, మాట్లాడాను’ అని చెప్పుకునేటట్టు చూసుకోండి.

నాకిచ్చిన ఇరవై నిమిషాలు ఎప్పుడో అయిపోయాయని అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. మా బెంచీ మిత్రుడు నిద్రపోయాడేమో అని చూశాను. లేదు, మెలకువగానే ఉన్నాడు. నాకు అంతకంటే బిరుదు అక్కర్లేదు.